తెల్ల జెండా మడులు

ఆమెను అందరూ పురుగుల డాక్టరమ్మ అనేవారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ పేరు విని ఒకావిడ చంటిపిల్లను చంకనేసుకుని పరిశోధన కేంద్రం గేటు దాకా వచ్చింది. పిల్ల కడుపులో పురుగులున్నాయట, మందు రాసిమ్మంది. తను చూసేది పత్తిని తినే పురుగులనే గానీ పిల్లల కడుపులో పురుగులను కాదని నచ్చజెప్పి పంపేసరికి డాక్టరమ్మకు తలప్రాణం తోకకొచ్చింది. ఇంటికెళ్లి చెబితే అక్క మిషను తొక్కడం ఆపకుండానే, "నీకు మొక్కలే నయంలే. మందంటే ఏడవవు," అంది. అక్క బట్టలు కుడుతుంది. అక్కచెల్లెళ్లిద్దరిదీ ఒకే ఇల్లు. ముందు గది నిండా గుడ్డ పీలికలు, వెనక గదిలో డాక్టరమ్మ పుస్తకాలు.

మొక్కలు ఏడవకపోయినా, ఆ రోజుల్లో పత్తి వేసినవాళ్లకు మాత్రం ఏడుపొక్కటే తక్కువ. పాత మందు పనైపోయింది. మొదట్లో కొట్టిన సాయంత్రానికల్లా పురుగులు రాలిపడేవి. ఏళ్లు గడిచేకొద్దీ వాటికది అలవాటైపోయింది. ఇప్పుడు మందు కొట్టి వెనక్కి తిరిగేలోపే పురుగు తాపీగా కాయకు కన్నం పెట్టి లోపలికి దూరుతోంది. "మీ మందు వాటికి టానిక్కయిందమ్మా," అని రైతులు ఆమె ముఖం మీదే అనేవారు.

అందుకే కొత్త మందు వచ్చినప్పుడు ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ప్రయోగశాలలో గాజు గిన్నెల్లో పురుగులను వేసి, మందులో ముంచిన ఆకు పెట్టి చూసింది. రెండు కొరుకులు కొరికి మానేశాయి. సాయంత్రానికి చుట్టుకుపోయాయి. కానీ గాజు గిన్నెలో గెలిచిన మందు చేలో గెలవాలని రాసిపెట్టి లేదు. గిన్నెలో ఎండ లేదు, వాన లేదు, గాలి లేదు. చేలో వేసి చూడాల్సిందే.

చేను దొరికింది. రైతు నోట్లో నాలుక లేని మనిషి. ఏం చెప్పినా "సరే మేడం" అనేవాడు. చేనంతా చిన్న చిన్న మడులుగా గీతలు గీసి, చీటీలు తీసి, ఏ మడికి ఏది కొట్టాలో నిర్ణయించారు. ఎర్ర జెండా పాతిన మడులకు కొత్త మందు. పసుపు జెండా మడులకు పాత మందు. తెల్ల జెండా మడులకు ఉత్త నీళ్లు.

రైతు ఆ ఒక్కచోటే నోరు విప్పాడు. "నీళ్లు కొట్టడం దేనికి మేడం? పురుగులు నీళ్లకు చస్తాయా?"

"చావవు. చావకూడదనే కొట్టేది," అని ఆమె గట్టు మీద కూర్చుని ఓపిగ్గా చెప్పింది. ఒకో ఏడు పురుగు దానంతటదే తగ్గిపోతుంది. వానకు కొట్టుకుపోతుంది, తెగులు తగిలి చస్తుంది. అలాంటి ఏడు మందు కొడితే, మందే చంపిందని మనం చంకలు గుద్దుకుంటాం. ఏమీ కొట్టని మొక్కలు పక్కనే ఉంటేనే మందు పనెంతో, వాన పనెంతో తేలుతుంది. అందుకని ఆ తెల్ల జెండాల జోలికి ఎవరూ పోకూడదు. వాటికి ఏ నష్టం జరిగినా కేంద్రం భరిస్తుంది.

"సరే మేడం," అన్నాడు రైతు.

ఆ మాటలు జరుగుతున్నప్పుడు రైతు తల్లి కాస్త ఎడంగా నిలబడి ఉంది. అందరికీ మంచినీళ్లు తెచ్చిచ్చి, ఖాళీ గ్లాసులు పట్టుకుని వెళ్లింది. పిడికెడు మనిషి, గొంతు మాత్రం నాలుగు చేల అవతలికి వినిపించేది. ఇరుగుపొరుగువాళ్లు ఆవిడ వినకుండా ఆవిణ్ణి కందిరీగ అనేవారు. వినేలా అనే ధైర్యం ఎవరికీ లేదు.

మందు కొట్టే పని కేంద్రంలో అనుభవమున్న ఒక పెద్దమనిషిది. డాక్టరమ్మ అతన్ని బాబాయ్ అని పిలిచేది. ముఖానికి గుడ్డ, చేతులకు తొడుగులు, కాళ్లకు పొడవాటి బూట్లు లేకుండా మందు డబ్బా మూత తియ్యడు. ఒక మందు కొట్టాక పంపును కడిగి, ఆరబెట్టి గానీ రెండో మందు పొయ్యడు. "పెళ్లివారి గిన్నెలు కూడా ఇంత తోమరు," అని జీపు డ్రైవరు ఎగతాళి చేస్తే, "పెళ్లి గిన్నెలో తేడా వస్తే కడుపునొప్పి. ఇందులో తేడా వస్తే ప్రాణమే," అనేవాడు.

మొగ్గ పడింది. రెక్కల పురుగులు వచ్చి ఆకుల మీద ఆవగింజ కన్నా చిన్న గుడ్లు పెట్టాయి. గుడ్లు పగిలాయి. బాబాయ్ మడి మడికీ తిరిగి కొట్టాల్సింది కొట్టాడు. తర్వాత డాక్టరమ్మ సాలు వెంట వంగి నడుస్తూ, మొక్క మొక్కకూ పురుగులు లెక్కపెట్టింది. ఎర్ర జెండాల్లో పురుగు బాగా తగ్గింది. ఆమె మనసు తేలికైంది. పసుపు జెండాల్లో ఎక్కడివక్కడే ఉన్నాయి. అదీ అనుకున్నదే. తెల్ల జెండాల్లోకి వచ్చేసరికి ఆమె నడక ఆగిపోయింది.

తెల్ల మడుల్లో పురుగులు దాదాపు లేవు. ఎర్ర మడుల్లో కన్నా తక్కువ ఉన్నాయి.

మళ్లీ లెక్కపెట్టింది. మర్నాడు వచ్చి మళ్లీ లెక్కపెట్టింది. మొగ్గలకు కన్నాలున్నాయి, కన్నాల దగ్గర పచ్చిగా పురుగు రెట్ట ఉంది, పురుగు మాత్రం లేదు. తిన్న ఎంగిలి కంచం ఉంది, తిన్నవాడు లేడు. రెండోసారి మందు కొట్టాక కూడా అదే వరస. ఆ లెక్క ప్రకారం కొత్త మందుకూ కుళాయి నీళ్లకూ తేడా లేదు.

మందు గాలికి కొట్టుకొచ్చి పడిందేమో అనుకుంది. కానీ గాలికి పడితే పక్కనున్న పసుపు మడుల్లోనూ పడాలి కదా? అక్కడ పురుగులు పండగ చేసుకుంటున్నాయి. తెగులు తగిలిందా అంటే, చచ్చిన పురుగు ఒక్కటీ కనబడలేదు. పక్షులు ఏరుకు తిన్నాయా అంటే, పక్షికి జెండా రంగుతో పనేముంది? ఎటు తిప్పి చూసినా తెల్ల మడుల్లోనే ఏదో జరిగింది. ఆ మడుల్లో పనున్నది ఇద్దరికే. ఒకరు తను. రెండో మనిషి బాబాయ్.

ఆ ఆలోచన ఆమెకే నచ్చలేదు. అయినా అడిగేసింది.

పరికరాల గదిలో బాబాయ్ పంపు గొట్టాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు. ఆమె గుమ్మంలోనే నిలబడి, "బాబాయ్, నీళ్ల డబ్బా, మందు డబ్బా ఎక్కడైనా మారాయంటావా? ఒక్కసారి గుర్తు తెచ్చుకో," అంది.

అతను తుడవడం ఆపాడు. "నేను మార్చానంటున్నారా మేడం?"

"మార్చావనట్లేదు. పొరపాటున..."

"పొరపాటున అంటే?" అతని గొంతు పెరగలేదు. "డబ్బాల మీద రంగులేసింది నేను. ఎర్ర డబ్బా మూత తీస్తే వాసనే చెప్తుంది. నీళ్లకూ మందుకూ తేడా తెలియని మనిషిననుకుంటే, ఇన్నేళ్లు నా చేతికి పంపెందుకిచ్చారు?"

ఆమె ఏదో సర్దిచెప్పబోయింది. అతను గొట్టాన్ని మేకుకు తగిలించి, తొడుగులు మడిచి అరలో పెట్టి, ఆమె పక్కనుంచి బయటికి వెళ్లిపోయాడు. మర్నాడు పనికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఒంట్లో బాగోలేదని కబురు చేశాడు. బాగోలేనిది ఒళ్లు కాదని ఆమెకు అర్థమైంది.

మూడోసారి కొట్టడానికి వేరే మనిషిని పెట్టింది. డబ్బాలు తన చేత్తో నింపి, తన చేత్తో ఇచ్చి, మడి మడికీ వెంట నడిచింది. తెల్ల మడులకు నీళ్లే పడ్డాయి, అనుమానం లేదు. ఆ సాయంత్రం తెల్ల మడుల్లో కొన్ని మొక్కలకు దారం కట్టి, వాటి మీదున్న పురుగులను లెక్కపెట్టుకుంది. తెల్లవారగానే జీపు కోసం ఆగకుండా మొదటి బస్సెక్కి చేనుకు వెళ్లింది.

ఇంకా మంచు ఆరలేదు. చేలో ఎవరూ లేరనుకుంది. తర్వాత తెల్ల జెండా పక్కన మొక్కలు కదలడం చూసింది. దగ్గరికి వెళితే రైతు తల్లి. నడుముకు ఒక డబ్బా కట్టుకుంది. ఎడమచేత్తో కొమ్మను వంచి, కుడిచేత్తో మొగ్గ మీది పురుగును గిల్లి తీసి డబ్బాలో వేస్తోంది. డబ్బాలో కిరసనాయిలు వాసన.

పెద్దావిడ తలెత్తి చూసింది. బెదరలేదు.

"వచ్చావా," అంది. "వస్తావనే అనుకున్నాను. నిన్న నువ్వు దారాలు కట్టడం చూశాను."

"ఇదంతా మీరేనా పెద్దమ్మా? మొదటినుంచీనా?"

"మరెవరు? మావాడికి ఎండెక్కితే గానీ మెలకువ రాదు."

"ఈ మడుల్ని ముట్టుకోవద్దని చెప్పాం కదా."

"వాడు చెప్పాడు. తెల్ల జెండాల్లోకి వెళ్లకు అన్నాడు. ఎందుకురా అంటే, మేడం వద్దంది అన్నాడు." ఆవిడ నడుము పట్టుకుని నిటారుగా నిలబడింది. "చూడమ్మాయ్. ఆ ఎర్ర జెండాలకి మందు పోశారు, పసుపు జెండాలకి పోశారు. వాటిని తాకితే చేతులకు విషమన్నారు, నేను తాకలేదు. వీటికి మాత్రం ఉత్త నీళ్లు చల్లి వెళ్లిపోతున్నారు. సవతి పిల్లల్లా. నేను నాటిన మొక్కలివి. నా కళ్ల ముందు పురుగు తింటుంటే గట్టు మీద కూర్చుని చూడాలా?"

"నష్టం మేమిస్తామని..."

"ఇస్తారు. ఇస్తారని మొక్కకు తెలుసా?"

డాక్టరమ్మ గట్టు మీద కూలబడింది. కోపం వచ్చిందా అంటే వచ్చింది. ఒక పంట కాలమంతా మట్టిలో కలిసింది. బాబాయ్ ముఖం కళ్లలో మెదిలింది. కానీ ఎదురుగా ఉన్న మనిషి చేతివేళ్లు పురుగుల పసరుతో పచ్చబడి, గోళ్లు నల్లబడి ఉన్నాయి. ఆ వేళ్ల మీద అరవడానికి ఆమెకు నోరు రాలేదు.

ఆ రోజు రైతుకు చెప్పిన మాటే మళ్లీ మొదలుపెట్టి, ఈసారి పెద్దావిడకు చెప్పింది. ఏమీ కొట్టని మొక్కలు ఎందుకు కావాలో, వాటిని కాపాడితే ఏమవుతుందో, ఈ పరీక్ష తేలితే ఎన్ని చేలకు మందు దొరుకుతుందో. పెద్దావిడ మధ్యలో రెండుసార్లు అడ్డుతగిలి ప్రశ్నలు వేసింది. అంతా విన్నాక డబ్బాను నడుము నుంచి విప్పి కింద పెట్టింది.

"ఈ సంగతి ఆనాడే నాకు చెప్పుంటే పోయేది. నేను అక్కడే గ్లాసులు పట్టుకుని నిలబడ్డాను."

డాక్టరమ్మ తల వంచుకుంది. ఆవిడ అక్కడ నిలబడ్డ సంగతే ఆమెకు గుర్తులేదు.

కేంద్రంలో పెద్దసారు సంగతంతా విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. చెడ్డవాడు కాదు. ఆయన తోడబుట్టినవాళ్లు ఇప్పటికీ పత్తే వేస్తున్నారు. వాళ్ల తిట్లు రోజూ ఆయన చెవిన పడుతూనే ఉంటాయి.

"చూడమ్మా," అన్నాడు. "పాత మందు పని చెయ్యడం లేదని నీకు తెలుసు, నాకు తెలుసు. అంటే పసుపు మడుల్లో ఎన్ని పురుగులున్నాయో తెల్ల మడుల్లోనూ దాదాపు అన్నే ఉంటాయి. ఆ లెక్క వేసెయ్యి. వచ్చే ఏటికి మందు రైతుల చేతిలో ఉంటుంది."

"అన్నే ఉంటాయని మనం అనుకుంటున్నాం సార్. అనుకున్నది నిజమో కాదో చూడ్డానికే కదా చేను పట్టింది."

"ఇంకో ఏడు ఆగాలంటే ఎంతమంది మునుగుతారో తెలుసా?"

"తెలుసు సార్."

"తెలిసే అంటున్నావా?"

ఆమె ఆలోచించుకుని చెబుతానంది. నిజంగానే ఆలోచించింది. పెద్దసారు చెప్పింది తప్పని ఆమెకు అనిపించలేదు, అదీ ఇబ్బంది. మందు పని చేస్తుందని ఆమెకూ నమ్మకమే. నమ్మకమే ఉంటే ఇంత హైరానా దేనికి? రాసేస్తే పోలేదా? అన్నం ముందు కూర్చుని కెలుకుతుంటే అక్క అడిగింది. చెప్పింది.

అక్క అంతా విని, తన బల్ల మీదున్న చొక్కాను చూపించింది. "కొలత తప్పిన చొక్కాని ఇస్త్రీ చేసి సరిచెయ్యలేమే. తొడుక్కునేవాడికి మొదటిరోజు తెలియకపోవచ్చు. చెయ్యెత్తినప్పుడు చంకలో పిగులుతుంది."

"తొడుక్కోడానికి వాడికి ఇంకే చొక్కా లేకపోతే?"

అక్క చొక్కాను మడిచి పక్కన పెట్టింది. "అది నీకే తెలియాలి," అంది.

డాక్టరమ్మ ఈ ఏటి పరీక్ష చెల్లదని రాసిచ్చింది. పెద్దసారు సంతకం పెట్టాడు. పెట్టాడు గానీ, చాన్నాళ్లు ఆమెతో అవసరానికి మించి మాట్లాడలేదు.

బాబాయ్ ఇంటికి ఆమె ఒక్కతే వెళ్లింది. అతను వాకిట్లో మంచం నవారు బిగిస్తున్నాడు. నిలబడే చెప్పింది, జరిగింది జరిగినట్టు. తప్పు తనదేనంది. అతను నవారు చివర ముడివేసి, చేత్తో లాగి చూసుకుని, "ఆ ముసలమ్మ చేతులకు తొడుగుల్లేకుండా దిగిందా చేలో?" అని అడిగాడు.

"తెల్ల మడుల్లోకే దిగింది."

"పక్క మడి ఆకు తగలదా? మీరైనా చూసుకోవాల్సింది." మరి కాసేపటికి, "రేపు వస్తాను," అన్నాడు. వచ్చాడు. కానీ అంతకుముందులా పని మధ్యలో కబుర్లు చెప్పడం మానేశాడు. ఆ చనువు మళ్లీ రావడానికి చాలా కాలం పట్టింది, వచ్చాక కూడా మునుపటంత రాలేదు.

ఆ ఏడు పురుగు విరుచుకుపడింది. బస్సు కిటికీలోంచి ఆమె రోజూ చూసేది. పచ్చగా ఏపుగా ఉన్న చేలు, దగ్గరికి వెళితే అన్నీ సరిగా విచ్చని గుడ్డికాయలు. పగిలినచోట దూది బదులు పసుపుపచ్చ గార. కొందరు పత్తి తియ్యకుండానే చేను దున్నేశారు. ఆమె కళ్లు మూసుకుంటే సరిపోయేది గానీ మూసుకోలేదు. చూడ్డం కూడా తన పనిలో భాగమనుకుంది.

మరుసటి ఏడు అదే చేలో మళ్లీ జెండాలు పాతారు. ఈసారి డాక్టరమ్మ ముందుగా పెద్దావిడ దగ్గరికే వెళ్లింది. ఇంట్లో ప్రతి మనిషినీ కూర్చోబెట్టి చెప్పింది. పెద్దావిడ, "నాకు ఒకసారి చెబితే చాలు, వీళ్లకు చెప్పు," అంది.

తెల్ల మడులకు ఆవిడే కాపలా. చుట్టపుచూపుగా వచ్చిన ఒకాయన దారిన పోతూ పురుగును గిల్లబోతే, ఆ గొంతుకు అతను గట్టు దాటి దూకాడట. అయితే ఆవిడ కాపలా కాసేది చేనుకు వీపు పెట్టి. ముఖం రోడ్డు వైపు తిప్పుకుని కూర్చునేది. ఒకరోజు డాక్టరమ్మ ఎందుకలా అని అడిగితే, "ముట్టుకోను అన్నాను. చూస్తానని అన్లేదు," అంది.

ఈసారి లెక్కలు తేటగా వచ్చాయి. ఎర్ర మడుల్లో పురుగు తగ్గింది, కాయ నిలిచింది. పసుపు మడులూ తెల్ల మడులూ ఇంచుమించు ఒకేలా పోయాయి. చుట్టుపక్కల చేలూ నిరుటిలాగే పోయాయి, ఈ ఏడూ కొందరు దున్నేశారు. పెద్దసారు అంకెలు చూసి చాలాసేపు కాగితం తిప్పలేదు. "నిరుడు నేను చెప్పింది ఇదే కదమ్మా," అన్నాడు. ఎత్తిపొడుపుగా కాదు, దిగులుగా.

"అవును సార్," అంది ఆమె. నిరుడు అది ఊహ, ఈ ఏడు అది నిజం అని చెప్పవచ్చు. కానీ చేలు పోగొట్టుకున్నవాళ్ల ముందు ఆ మాట నిలబడుతుందో లేదో ఆమెకు నమ్మకం లేదు. తను చేసింది సరైనదేనని మాత్రం అనుకునేది. అలా అనుకున్న ప్రతిసారీ మనసు కుదుటపడేదీ కాదు.

ఆఖరి లెక్క అయిపోయిన రోజు జెండాలు పీకి కట్టకట్టారు. బాబాయ్ వాటిని జీపులో వేస్తున్నాడు. డాక్టరమ్మ గట్టు మీద పెద్దావిడ పక్కన కూర్చుంది.

"తేలిందా?" అంది పెద్దావిడ.

"తేలింది. మందు మంచిదే. వచ్చే పంటకు అందరికీ దొరుకుతుంది."

"మరి నిరుడు తేలుంటే?"

"ఈ పంటకే దొరికేది."

పెద్దావిడ రోడ్డవతలి చేను వైపు చూసింది. అది ఈ ఏడు దున్నేసిన చేలలో ఒకటి. "ఆ చేనువాళ్లు మా మరిది పిల్లలే," అంది. కాసేపయ్యాక, "నా వల్లేనా?" అని అడిగింది. ఆ గొంతు పక్కనున్న మనిషికి తప్ప ఇంకెవరికీ వినిపించలేదు.

కాదని చెప్పడం తేలిక. ఆ మాట డాక్టరమ్మ నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఈ మనిషితో అబద్ధం చెప్పాలనిపించలేదు.

"కొంత మీ వల్ల పెద్దమ్మా. ఎక్కువ నా వల్ల. నేను మీకు చెప్పలేదు."

పెద్దావిడ తలూపింది. ఒప్పుకున్నట్టో, లెక్క సరిచూసుకున్నట్టో తెలియలేదు. జీపు దగ్గర్నుంచి బాబాయ్ వెళ్దామా అన్నట్టు చూశాడు, తొందరపెట్టలేదు.

"చెయ్యియ్యి," అంది పెద్దావిడ. "మోకాళ్లు పట్టేశాయి. ఎండ ముదురుతోంది, మంచినీళ్లు తాగి వెళ్దువుగాని."

డాక్టరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని లేపింది.